విరగని షట్టర్ ఎలా ఊడింది?

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. మర్నాడు పొద్దున్న మా వీధిలోకి దిగితే ఎటు చూసినా విరిగిన కొమ్మలు, తెగిన కరెంటు తీగలు, ఎవరింటివో తెలియని రేకులు. మూలమీది కిరాణా కొట్టు షట్టర్ లోపలికి పడిపోయి, బియ్యం బస్తాల మీద దుప్పటి కప్పినట్టు వాలి ఉంది. కొట్టు బాబాయి తడిసిన కందిపప్పును గుప్పిట్లోకి తీసుకుని, పిసికి చూసి, మళ్ళీ బస్తాలోకి వదిలేస్తున్నాడు.

కొన్నాళ్ళకు షట్టర్ మేస్త్రీ వచ్చాడు. నేనూ పక్కన నిలబడ్డాను. ఆయన పట్టీలను ఒక్కొక్కటిగా విప్పి నేలమీద పరిచాడు. కొన్ని వంగాయి, కొన్నిటి మీద నొక్కులు పడ్డాయి. చిరిగింది మాత్రం ఒక్కటీ లేదు.

"షట్టర్ విరగలేదు బాబూ, గైడులోంచి వచ్చేసింది" అన్నాడాయన. గైడు అంటే షట్టర్‌కు రెండు పక్కలా, పట్టీల కొసలు జారే ఇనుప గాడి.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ఇనుప పట్టీ ఒక్కటీ చిరగకుండా ఉంటే షట్టర్ ఎలా ఊడింది? ఈ ప్రశ్న పట్టుకుని వెళితే, తుఫానుకు తట్టుకునే షట్టర్ ఎలా ఉండాలో దాదాపు మొత్తం తెలిసిపోతుంది.

ముందు గాలి ఎంత బరువు మోపుతుందో చూద్దాం. భవనాల మీద గాలి భారం లెక్కగట్టడానికి మన ఇంజినీర్లు వాడే ప్రమాణం ఐఎస్ 875, మూడో భాగం. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, వచ్చినదాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద పడే ఒత్తిడి న్యూటన్లలో వస్తుంది. విశాఖకు ఆ ప్రమాణం చెప్పే మూల వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. లెక్క వేస్తే 1,500 న్యూటన్లు. మామూలు మాటల్లో, చదరపు మీటరుకు 150 కిలోల పైమాటే. మూడు మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు ఉన్న కొట్టు షట్టర్ మీద ఇది 1,100 కిలోలు దాటుతుంది. చిన్న కారు బరువంతా ఆ పల్చటి పట్టీల మీద మోపినట్టు.

వేగం సగానికి తగ్గితే ఒత్తిడి పావు వంతుకు పడిపోతుంది. అందుకే "మొన్నటి గాలివానకు ఏమీ కాలేదు కదా" అన్న ధైర్యం నన్ను భయపెడుతుంది. గంటకు 90 కిలోమీటర్ల గాలిని తట్టుకున్న షట్టర్‌కు 180 అంటే నాలుగు రెట్ల పరీక్ష. ఇంకో సంగతి. మన వాతావరణ శాఖ బులెటిన్‌లో నిలకడ గాలి వేగంగా చెప్పేది మూడు నిమిషాల సగటు. ఆ మధ్యలో విసిరికొట్టే దెబ్బలు అంతకంటే గట్టిగా ఉంటాయి. షట్టర్‌ను ఊడగొట్టేవి ఆ దెబ్బలే. ప్రమాణంలోని 50 మీటర్ల వేగాన్ని మూడు సెకన్ల దెబ్బకు లెక్కగట్టింది అందుకే.

షట్టర్ పోతే సరుకు తడుస్తుంది, అంతేగా అనుకునేవాణ్ణి. అసలు ప్రమాదం పైకప్పుకు అని తర్వాత తెలిసింది. గాలి రేకుల కప్పు మీదుగా దూసుకుపోతుంటే కప్పును పైకి పీలుస్తుంది. తలుపులూ కిటికీలూ మూసి ఉన్నంతసేపూ లోపలి గాలి పెద్దగా తోడవ్వదు. గాలి తగిలే వైపు ఒక్క పెద్ద కిటికీ పగిలిందంటే, ఇల్లు బుడగలా ఉబ్బుతుంది. బయట పీల్పు, లోపల తోపు, రెండూ ఒకే దిక్కుకు పనిచేస్తాయి. ఐఎస్ 875 లెక్కలో లోపలి ఒత్తిడి గుణకం, అంటే గాలి ఒత్తిడిని ఎంతతో గుణించాలో చెప్పే అంకె, సందులు తక్కువున్న ఇంటికి 0.2, పెద్ద కంత పడిన ఇంటికి 0.7. బయటి పీల్పు గుణకం 0.8 అనుకుంటే మొత్తం 1.0 నుంచి 1.5కు ఎగబాకుతుంది. నాలుగు మీటర్లకు ఐదు మీటర్ల గది రేకుల కప్పును పైకి లాగే బలం మూడు టన్నుల నుంచి నాలుగున్నర టన్నులకు చేరుతుంది. కిటికీ పగలడానికీ కప్పు లేవడానికీ మధ్య ఒక్కోసారి నిమిషం కూడా పట్టదు.

"ఒక కిటికీ తెరిచి ఉంచితే లోపలా బయటా గాలి సరిపోతుంది" అని పెద్దవాళ్ళు చెప్పడం విన్నాను. దయచేసి అలా చెయ్యకండి. ఏ కిటికీ వైపు గాలి తిరుగుతుందో ఎవరూ ముందే చెప్పలేరు. హుద్‌హుద్ కన్ను, అంటే సుడి నడిమధ్యన గాలి తగ్గి ఉండే భాగం, విశాఖ మీదుగా వెళ్ళినప్పుడు మధ్యలో కాసేపు గాలి తగ్గి, ఆ తర్వాత ఎదురు దిక్కు నుంచి విరుచుకుపడింది. అప్పటిదాకా పీల్పు తగిలిన గోడకు తోపు తగిలింది. అందుకే షట్టర్‌ను లోపలికి తోసే గాలికే కాదు, బయటికి లాగే గాలికీ గట్టిగా బిగించాలి.

ఈ విషయంలో లోకానికి పెద్ద పాఠం నేర్పింది ఫ్లోరిడా. 1992 ఆగస్టు 24న ఆండ్రూ అనే హరికేన్ మయామీకి దక్షిణంగా హోమ్‌స్టెడ్ ప్రాంతాన్ని నేలమట్టం చేసింది. ఎగిరొచ్చిన చెత్తకు కిటికీలు పగలడం, ఆ దారిన గాలి దూరి కప్పులు లేచిపోవడం అక్కడ లెక్కలేనన్ని ఇళ్ళలో కనిపించింది. ఆ తర్వాత దక్షిణ ఫ్లోరిడా భవన నిబంధనలు మారాయి. కిటికీ అద్దం దానంతటదే దెబ్బకు తట్టుకోవాలి, లేకపోతే దానికి పరీక్షలో నెగ్గిన షట్టర్ ఉండాలి.

ఆ పరీక్ష చూడటానికి చాలా మొరటుగా ఉంటుంది. నాలుగు కిలోల చెక్క దుంగను గాలి తుపాకీలో పెట్టి సెకనుకు 15 మీటర్ల వేగంతో షట్టర్ మీదికి వదులుతారు. ఆ దెబ్బ ఎంతటిదంటే, ఖాళీ గ్యాస్ సిలిండర్‌ను మొదటి అంతస్తు మీంచి కిందికి వదిలేస్తే తగిలేంత. షట్టర్‌కు సొట్ట పడితే ఫరవాలేదు, దుంగ లోపలికి దూరకూడదు. అంతటితో అయిపోలేదు. దెబ్బ తిన్న అదే షట్టర్‌ను వందల సార్లు ముందుకు తోసి, వందల సార్లు వెనక్కు లాగుతారు. తుఫాను ఒక్క దెబ్బ కొట్టి ఊరుకోదు, గంటల తరబడి ఊపుతుంది. ఆ ఊపుడుకు బోల్టులు వదులవుతాయి, రంధ్రాలు సాగుతాయి, సొట్ట దగ్గర మొదలైన చీలిక పాకుతుంది. సుమారు తొమ్మిది మీటర్ల ఎత్తు దాటిన కిటికీలకు దుంగ బదులు రెండు గ్రాముల ఉక్కు గోళీలు వాడతారు. పెద్ద వస్తువులు అంత ఎత్తుకు రావడం తక్కువని అక్కడి లెక్క. మన ఊళ్ళో మేడల మీదే వదులు రేకులూ, నీళ్ళ ట్యాంకు మూతలూ, డిష్‌లూ ఉంటాయి గనక పై అంతస్తుల వాళ్ళు ఆ లెక్కను నమ్ముకోకపోవడమే మంచిది.

ఇక షట్టర్ సంగతి. పల్చటి రేకుకు బలం మడత వల్ల వస్తుంది. ఒక కాగితాన్ని రెండు పుస్తకాల మధ్య వంతెనలా పెడితే దాని బరువుకు అదే జారిపోతుంది. విసనకర్రలా మడతలు పెట్టి పెడితే పైన పెన్ను పెట్టినా నిలబడుతుంది. ఒక మిల్లీమీటరు మందం సాదా రేకును ఐదు సెంటీమీటర్ల లోతు మడతలుగా చేస్తే, అది వంగకుండా నిలిచే గుణం మూడు వేల రెట్లకు పైగా పెరుగుతుంది. ఫ్లోరిడాలో తుఫానుకు ముందు కిటికీలకు బిగించే ఉక్కు, అల్యూమినియం పలకలన్నీ ఇలా మడతలు పెట్టినవే. వాటికీ అద్దానికీ మధ్య జానెడో అరజానెడో ఖాళీ వదలాలి. దెబ్బ తగిలినప్పుడు పలక లోపలికి వంగుతుంది. ఖాళీ లేకపోతే కాపాడాల్సిన పలకే అద్దాన్ని పగలగొడుతుంది.

రోలింగ్ షట్టర్‌కు వచ్చిన చిక్కు ఇక్కడే. చుట్టగా చుట్టుకోవాలి గనక దాని పట్టీల వంపు లోతు తక్కువ. పైగా అవి ఒక పక్క గైడు నుంచి ఇంకో పక్క గైడు దాకా, మూడు మీటర్ల పొడుగునా మధ్యలో ఏ ఆధారమూ లేకుండా వెళతాయి. గాలి తోస్తే మధ్యలో ఉబ్బుతాయి. తాడును బిగించి పట్టుకుని మధ్యలో లాగితే రెండు చేతులూ దగ్గరకు వస్తాయి కదా, అలాగే ఇక్కడ పట్టీ కొసలు గైడులోంచి షట్టర్ మధ్య వైపుకు జరుగుతాయి. మధ్యలో 15 సెంటీమీటర్లు ఉబ్బితే ఒక్కో కొస సెంటీమీటరు జరుగుతుంది. అది ఫరవాలేదు. 30 సెంటీమీటర్లు ఉబ్బితే మాత్రం నాలుగు సెంటీమీటర్లు. ఉబ్బు రెట్టింపైతే జారుడు నాలుగు రెట్లవుతుందన్న మాట. గైడు లోతు ఐదు సెంటీమీటర్లే ఉండి, పట్టీని కోసేటప్పుడే కాస్త పొట్టిగా కోసి ఉంటే, ఒక కొస బయటపడుతుంది. ఒక్కటి బయటపడ్డాక దాని పక్కది, దాని పక్కది. మేస్త్రీ చెప్పింది అక్షరాలా ఇదే.

దీనికి మందు ఉంది. పట్టీల కొసలకు కొక్కెంలాంటి బిళ్ళలు బిగిస్తారు. గైడు అంచును లోపలికి మడుస్తారు. పట్టీ జారబోతే కొక్కెం ఆ అంచుకు తగులుకుని ఆగిపోతుంది. అప్పుడు షట్టర్ బిగించిన వలలా పనిచేస్తుంది. వినడానికి చక్కగా ఉంది. కానీ ఆపిన బలం ఎక్కడికి పోతుంది? గైడుకు పోతుంది. మూడు మీటర్ల షట్టర్ 15 సెంటీమీటర్లు ఉబ్బి కొక్కేల మీద వేలాడితే, గైడు ప్రతి మీటరు పొడుగునా సుమారు 1,100 కిలోల బలంతో షట్టర్ మధ్య వైపుకు లాగబడుతుంది. గైడు నుంచి అది బోల్టుకు, బోల్టు నుంచి గోడకు పోతుంది. కొక్కేలు పెట్టించి పాత బోల్టులే ఉంచేస్తే, ఈసారి షట్టర్ గైడుతో సహా, గోడ పెళ్ళలతో సహా వచ్చేస్తుంది.

మన కొట్లలో గైడును ఎలా బిగిస్తారో ఒకసారి దగ్గరికెళ్ళి చూడండి. చాలాచోట్ల ఇటుక గోడకు, అంచు నుంచి నాలుగు వేళ్ళ దూరంలో, బోల్టు పొడుగులో సగం ప్లాస్టరింగ్‌లోనే ఉంటుంది. ప్లాస్టరింగ్‌కు పట్టు లేదు. అంచుకు దగ్గరగా ఉన్న ఇటుక చీలిపోతుంది. గైడును కాంక్రీటు స్తంభానికో, కొత్తగా పోసిన చిన్న కాంక్రీటు దిమ్మకో లోతుగా దిగిన యాంకర్ బోల్టులతో బిగించాలి. షట్టర్‌కు పెట్టే డబ్బులో కొంత తగ్గించుకునైనా ఈ పని చేయించుకోమంటాను.

గైడు అడుగు కూడా చూడండి. రోజూ కొట్టు కడిగిన నీళ్ళు, ఊడ్చిన దుమ్ము చేరేది అక్కడే. మా వీధిలో గైడు కింది జానెడు భాగం గోరుతో గీకితే పొరలు పొరలుగా రాలింది, లోపల ఎర్రటి పొడి. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంది. సముద్రపు ఉప్పు గాలికి తోడు తడి నిలిస్తే ఇనుము ఎన్నాళ్ళో ఆగదు. జింకు పూత ఉన్న గైడు, స్టెయిన్‌లెస్ బోల్టులు, అడుగున నీరు కారిపోవడానికి చిన్న సందు ఉంటే సంవత్సరాల ఆయుష్షు కలిసొస్తుంది.

అన్నిటికంటే చవకైన ఉపాయం నడిమి నిట్టాడి. షట్టర్ వెనక, సరిగ్గా మధ్యలో, నేలలో ఒక గుంట, పైన దూలానికి ఒక పట్టు. తుఫాను హెచ్చరిక రాగానే ఉక్కు గొట్టాన్ని అందులో నిలబెట్టి, షట్టర్‌ను దానికి క్లాంపులతో పట్టిస్తారు. మూడు మీటర్ల పట్టీ ఒకటిన్నర మీటర్ల పట్టీ అయిపోతుంది. పట్టీని వంచే బలం నాలుగో వంతుకు, ఉబ్బు పదహారో వంతుకు పడిపోతాయి. క్లాంపులు లేకుండా ఊరికే ఆనిస్తే తోపుకు మాత్రమే పనికొస్తుంది, పీల్పుకు పనికిరాదు.

ఇది మనకు కొత్తదేమీ కాదు. భీమిలిలో మా అమ్మమ్మగారింటి వీధి తలుపుకు అడ్డగడియ ఉండేది. చేతి మందం చెక్క. రెండు పక్కలా గోడలోకి తవ్విన గూళ్ళలో దాని కొసలు దూరేవి. తలుపు రెక్కల మీద పడిన గాలి బందుల మీదా మేకుల మీదా ఆగకుండా నేరుగా మందపాటి గోడకు చేరేది. ఉత్తరాంధ్ర తీరంలో కట్టుకునే చుట్టిళ్ళదీ ఇదే తెలివి. గుండ్రటి గోడ, నేలకు దగ్గరగా దిగిన కప్పు, వంగి వెళ్ళాల్సిన చిన్న గుమ్మం. గాలికి పట్టు దొరికే చోటే తక్కువ.

ఎంత గట్టి షట్టరైనా సమయానికి బిగించకపోతే దండగే. పలకల వెనక ఏ కిటికీదో అంకె వేసి ఉంచాలి, చేత్తో తిప్పే నట్లు వాడాలి. చీకట్లో, టెన్షన్‌లో, వానలో స్పానర్ వెతుక్కోవడం అయ్యే పని కాదు. ఇంట్లో మనుషులు ఉంటే కనీసం ఒక దారి లోపలి నుంచి తెరుచుకోవాలి. మధ్యలో గాలి ఆగిందని షట్టర్ తీయకూడదు, కన్ను దాటాక మిగతా సగం వస్తుంది.

బాబాయి కొట్టుకు కొత్త షట్టర్ పడింది. కొక్కేలున్న పట్టీలు, స్తంభానికి దిగిన బోల్టులు. నేలలో గుంట తవ్విస్తుంటే "ఇదెందుకురా, కాళ్ళకు తగులుతుంది" అన్నాడు. మేస్త్రీ దానికి నేలతో సమంగా ఇత్తడి మూత పెట్టాడు. ఇప్పుడు ఏటా అక్టోబరు రాగానే బాబాయే ఆ మూత తీసి, లోపల చేరిన ఇసుకనూ బియ్యపు గింజలనూ చెంచాతో తోడేసి, గొట్టం ఒకసారి దించి చూసి, మళ్ళీ మూత పెట్టేస్తాడు.