సున్నా పక్కన పిక్సెల్ మాయమైతే

ప్రియమైన పిల్లలకు,

"పెదనాన్నా, మా సిస్టమ్‌లో బాగానే ఉన్న పేజీ సర్వర్‌కి ఎక్కించగానే ఎందుకు చెదిరిపోతోంది?" అని అడిగారు కదా. ఫోన్లో సగమే చెప్పాను. మిగతాది ఇదిగో.

సర్వర్‌కి వెళ్లేముందు పేజీ రూపురేఖలు రాసే మీ సీఎస్ఎస్ ఫైలుని మినిఫయర్ అనే టూల్ కుదిస్తుంది. ఖాళీలు, కామెంట్లు తీసేస్తుంది. సున్నా వెనకున్న యూనిట్, అంటే పిక్సెల్ లాంటి కొలత పేరు, దండగ అనుకుని అదీ కొట్టేస్తుంది. చాలాచోట్ల దండగే. మార్జిన్ 0 పిక్సెల్స్ అన్నా, ఉత్త 0 అన్నా ఒకటే.

నన్ను రెండు రోజులు ఏడిపించింది ఆ సున్నాయే. పైనుండే బ్యానర్ ఎత్తుకి ఒక వేరియబుల్, అంటే పేరు పెట్టి దాచుకునే విలువ, పెట్టాను. బ్యానర్ మూసేస్తే దాని విలువ 0 పిక్సెల్స్. కింది బాక్స్ ఎత్తేమో సీఎస్ఎస్‌లో లెక్కలు చేసే కాల్క్‌తో, 100 వీహెచ్‌లోంచి (అంటే స్క్రీన్ మొత్తం ఎత్తులోంచి) ఆ వేరియబుల్‌ని తీసేయగా మిగిలినంత. మినిఫయర్ పిక్సెల్ మాట ఎగరగొట్టింది. కాల్క్‌లో కొలతలోంచి యూనిట్ లేని అంకెని తీసేయడం చెల్లదు. పోనీ బ్రౌజర్ ఎర్రర్ అయినా చూపిందా అంటే లేదు, ఆ ఎత్తు అసలు రాయనట్టే ఊరుకుంది. స్క్రీన్ నిండా ఉండాల్సిన బాక్స్ ముడుచుకుపోయింది.

చివరికి 0 తీసేసి 0.01 పిక్సెల్ అని రాశాను. చూడ్డానికి వికారమే, కానీ దాని జోలికి మినిఫయర్ రాలేదు. ఎందుకలా రాశానో పక్కనే కామెంట్ పెట్టాను, లేకపోతే ఎవరో ఒకరు "సరిచేసి" మళ్లీ 0 పెడతారు! తర్వాత తెలిసింది, యూనిట్లు కొట్టేసే ఆ ఒక్క సెట్టింగ్‌నే ఆపేయొచ్చని. ఫైలు ఎలాగూ జీజిప్ అయి, అంటే మళ్లీ కుదించుకుని, వెళ్తుంది కాబట్టి నాలుగు బైట్లు పెరిగితే నష్టమేం లేదు.

ఇలాంటివే ఇంకో రెండు. కాల్క్‌లో ప్లస్‌కి, మైనస్‌కి రెండు పక్కలా ఖాళీ ఉండి తీరాలి, అది పోతే లెక్క చెల్లదు. యానిమేషన్ దశలు రాసే కీఫ్రేమ్స్‌లో 0%ని కొన్ని పాత మినిఫయర్లు ఉత్త 0 చేసి యానిమేషన్‌ని పాడుచేసేవి. అక్కడ 0% బదులు ఫ్రమ్ (from) అని రాస్తే సరిపోతుంది.

మీరైతే ముందు మినిఫై ఆపి ఒకసారి బిల్డ్ చేయండి, అంటే సర్వర్‌కి ఎక్కించే ఫైళ్లు తయారుచేయండి. పేజీ బాగుపడిందంటే దొంగ దొరికినట్టే. తర్వాత ఫైలంతా చదువుతూ కూర్చోకండి. సగం మాత్రమే మినిఫై చేసి చూడండి, తప్పు ఏ సగంలో ఉంటే దాన్ని మళ్లీ సగం చేయండి. వెయ్యి లైన్లున్నా పదిసార్లలో ఆ లైను దొరికిపోతుంది.

దొరికాక దాని చుట్టుపక్కల నాలుగు లైన్లూ నాకు పంపండి. మినిఫై కాకముందువి, అయ్యాకవి, రెండూ కావాలి.

మీ పెదనాన్న