మూకీ కామెడీ అంటే పిచ్చి గంతులేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఎడిటింగ్ నేర్చుకోవడానికి వచ్చేవాళ్లకు నేను మొదట చూపించేది చాప్లిన్ 1921లో తీసిన ‘ది ఐడిల్ క్లాస్’. అరగంట సినిమా. గోల్ఫ్ ఆడుకునే డబ్బున్నవాళ్ల మధ్యకి, రైలు పెట్టె కింద దాక్కుని, గోల్ఫ్ కర్రల సంచీతో ఓ దేశదిమ్మరి దిగుతాడు. మైదానంలో ఎవరి బంతినో కొట్టేసి ఆటగాళ్ల మధ్య తగువు పెడతాడు. అతనూ, తాగుబోతు శ్రీమంతుడూ ఇద్దరూ చాప్లినే. శ్రీమంతుడి భార్యగా ఎడ్నా పర్వియన్స్.

అపోహ: మాటల్లేవు కాబట్టి మొహంతో అతి చేయాలి.
వాస్తవం: తాగుడు మానేదాకా వేరే గదిలో ఉంటానని భార్య చీటీ రాస్తుంది. భర్త ఆమె ఫొటో చూసి, మనవైపు వీపు తిప్పుతాడు. భుజాలు అదురుతుంటాయి. పాపం, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడనుకుంటాం. ఇటు తిరిగితే చేతిలో కాక్‌టెయిల్ షేకర్! తీరిగ్గా మందు కలుపుకుంటున్నాడు. అది కూడా అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్న రోజుల్లో. నవ్వించిందంతా వీపే. మధ్యలో ముందువైపు నుంచి ఒక్క షాట్ వేసినా జోక్ చచ్చిపోయేది.

అపోహ: కెమెరాలు నాసిరకం, అందుకే అందరూ గబగబా నడుస్తారు.
వాస్తవం: కెమెరా చేత్తో తిప్పేవాళ్లు, సెకనుకు ఇంచుమించు 16 నుంచి 20 ఫ్రేములు. టాకీలతో 24 స్థిరపడింది. పాత రీలును ఆ లెక్కన ఆడిస్తే అందరూ పరుగులే. పైగా కామెడీవాళ్లు తెరమీద హుషారు రావాలని షూటింగ్‌లో కెమెరాను కావాలనే ఇంకా నెమ్మదిగా తిప్పేవాళ్లు. యూట్యూబ్‌లో దొరికిన ఏదో ప్రింట్ చూసి టైమింగ్ మీద తీర్పు చెప్పకండి.

అపోహ: డబుల్ యాక్షన్ అంటే కెమెరా ట్రిక్కే.
వాస్తవం: ఫ్యాన్సీ డ్రెస్ పార్టీకి భర్త ఇనుప కవచం వేసుకుంటాడు, ముఖం మీది మూత బిగుసుకుపోతుంది. భార్యేమో దేశదిమ్మరిని చూసి, మొగుడే ఆ వేషంలో వచ్చాడనుకుంటుంది. మూత పడి ఉన్నంతసేపూ లోపల ఎవరున్నా కెమెరాకు తెలీదు, ఇద్దరినీ ఒకే ఫ్రేములో తిప్పొచ్చు. కథలో వచ్చిన చిక్కే షూటింగ్ చిక్కు తీర్చేసింది. నా దృష్టిలో సినిమా మొత్తమ్మీద తెలివైన పని ఇదే.

అపోహ: మూకీ ఆడే హాల్లో చప్పుడే ఉండదు.
వాస్తవం: పియానో, ఆర్గాన్, పెద్ద హాళ్లలో ఆర్కెస్ట్రా కూడా. ఈ సినిమాకు మనమిప్పుడు వినే సంగీతం 1971లో చాప్లిన్ చేసిందే.

అపోహ: చివర్లో పేదవాడికి అమ్మాయి దక్కుతుంది.
వాస్తవం: దక్కదు. అదుపు తప్పిన గుర్రం మీంచి ఆ శ్రీమంతుడి భార్యను కాపాడి పెళ్లాడినట్టు పగటికల కంటాడు, అంతే. ఆఖర్న ఆమె తండ్రి చేయి కలపడానికి వెంట వస్తే, బూటు చూసుకోమని కిందికి చూపించి, ఆయన వంగగానే వెనక ఓ తన్ను తన్ని పరుగందుకుంటాడు.