ప్యాకెట్ కోడ్‌లో బఫర్లు, ఎర్రర్లు: అపోహలు - వాస్తవాలు

నెట్‌వర్క్ కోడ్‌లో బగ్‌లు సరిచేయడమే నా పని. రివ్యూకి వచ్చే ప్యాచ్‌లలో (కోడ్ మార్పుల్లో) ఈ నమ్మకాలు మళ్లీ మళ్లీ ఎదురవుతుంటాయి.

అపోహ: బఫర్ (వచ్చిన డేటా పెట్టుకునే మెమరీ) పెద్దది చేస్తే బగ్ పోతుంది.

వాస్తవం: 1500 బైట్ల బఫర్‌ని 2048 చేస్తే క్రాష్ ఆగొచ్చు, బగ్ మాత్రం అక్కడే ఉంటుంది. 1500 అనేది ఈథర్నెట్ ఫ్రేమ్‌లో పట్టే ఐపీ ప్యాకెట్ సైజు. యూడీపీ డేటాగ్రామ్ (విడి సందేశంగా పంపే డేటా) ముక్కలుగా వచ్చినా కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) వాటిని కలిపే ఇస్తుంది. ఐపీవీ4లో అందులో 65,507 బైట్ల దాకా డేటా ఉండొచ్చు. లినక్స్‌లో మన బఫర్‌లో పట్టనిదాన్ని కెర్నల్ పారేస్తుంది, ఎర్రర్ కూడా ఇవ్వదు. ట్రంకేషన్ ఫ్లాగ్ (డేటా తెగిపోయిందని చెప్పే గుర్తు) చూసుకుంటేనే ఆ సంగతి తెలుస్తుంది.

అపోహ: డేటా పొడవు ప్యాకెట్‌లోనే రాసి ఉంది కదా, అదే వాడేయొచ్చు.

వాస్తవం: అది పంపినవాడు చెప్పిన మాట, అంతే. 2014 ఏప్రిల్‌లో బయటపడ్డ హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం సరిగ్గా ఇదే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీకి హార్ట్‌బీట్ సందేశం (కనెక్షన్ బతికే ఉందా అని చూసేది) పంపితే అందులోని డేటాని అలాగే తిరిగి పంపాలి. ఒక్క బైట్ పంపి, పొడవు దగ్గర వేలల్లో అంకె రాస్తే, కోడ్ ఆ అంకెనే నమ్మి పక్కనున్న మెమరీని కూడా కాపీ చేసి పంపేసేది. ఒక్కో సందేశానికి 64 కేబీ దాకా! పాస్‌వర్డ్‌లు, ప్రైవేట్ కీలు కూడా అలా బయటికి పోగలవు. జవాబు కోసం తీసుకున్న బఫర్ చిన్నదేమీ కాదు, చెప్పిన పొడవుకి సరిపడేంత ఉంది. తప్పంతా చదివే వైపు జరిగింది. అందుకే క్రాష్ లేదు, లాగ్ లేదు. రెండేళ్లకు పైగా విడుదలైన వెర్షన్లలోనే ఉండిపోయింది. చెప్పిన పొడవుని నిజంగా అందిన రికార్డు పొడవుతో పోల్చి, పొసగకపోతే సందేశాన్ని వదిలేయడమే ఆ దిద్దుబాటు. అలా వదిలేయాలని హార్ట్‌బీట్ ప్రమాణంలో ముందే రాసి ఉండటం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అపోహ: డేటా అందుకునే రిసీవ్ కాల్ మైనస్ ఒకటి ఇస్తే కనెక్షన్ తెగినట్టే.

వాస్తవం: టీసీపీలో (కనెక్షన్ పెట్టుకుని డేటా పంపే పద్ధతిలో) అవతలివాళ్లు మూసేస్తే వచ్చేది సున్నా. మైనస్ ఒకటి వస్తే ఎర్రర్ నంబర్ చూడాలి. సిగ్నల్ అడ్డొస్తే మళ్లీ పిలవాలి, డేటా ఇంకా రాకపోతే ఆగాలి. ఆ మైనస్ ఒకటిని అన్‌సైన్డ్ (రుణ సంఖ్యలు పట్టని) వేరియబుల్‌లో పెడితే బ్రహ్మాండమైన అంకె అవుతుంది. దాన్నే పొడవుగా కాపీకి ఇచ్చిన కోడ్‌లు ఎన్నో దిద్దాను.

అపోహ: ఒక సెండ్‌కి ఒక రిసీవ్.

వాస్తవం: టీసీపీకి సందేశాలు తెలియవు, బైట్ల వరుసే తెలుసు. సొంత మెషీన్ మీద చిన్న సందేశం చాలాసార్లు మొత్తంగా ఒకే రిసీవ్‌లో వచ్చేస్తుంది, అందుకే ఈ తప్పు కంటపడదు. నా టెస్టుల్లో మాత్రం ఒక్కో బైట్‌నీ విడిగా, మధ్యలో కాస్త ఆగుతూ పంపుతాను.