ఎమర్జెన్సీ కాల్ ఆపరేటర్ల గొంతు, మెడ నొప్పులు: అపోహలు - వాస్తవాలు

నేను స్వర చికిత్స చేస్తుంటాను, అంటే గొంతును సరిగ్గా వాడడం వ్యాయామాలతో నేర్పిస్తాను. నా దగ్గరికొచ్చే ఆపరేటర్లు గొంతు గురించి చెబుతారు, మెడ గురించి నేను అడిగితేనే చెబుతారు.

అపోహ: గొంతు జీర మాటల వల్ల, మెడ నొప్పి కుర్చీ వల్ల.

వాస్తవం: చాలామందిలో రెండూ ఒకే బాధ. స్వరపేటిక మెడ కండరాల మధ్య వేలాడుతుంటుంది. అవతల ఎవరో ఏడుస్తూ అడ్రస్ చెబుతుంటే ఆపరేటర్ మెడ తెలియకుండానే స్క్రీన్ వైపు సాగుతుంది, భుజాలు పైకి లేస్తాయి, ఊపిరి బిగబట్టి టైప్ చేస్తారు. మరుక్షణం ఆ బిగిసిన మెడతోనే ధైర్యం చెప్పాలి. దాంతో స్వరపేటిక పైకి లాక్కుపోయి, చుట్టూ ఉన్న కండరాలు స్వరతంత్రులను నొక్కేస్తాయి. ఇలాంటివారికి దవడ కింద, స్వరపేటిక పక్కల మెల్లగా మర్దన చేస్తే కొందరికి అక్కడికక్కడే గొంతు విచ్చుకుంటుంది.

అపోహ: గొంతు పోయినప్పుడు గుసగుసలాడితే విశ్రాంతి.

వాస్తవం: గుసగుసలో చాలామంది గొంతును ఇంకా బిగిస్తారు. మౌనంగా ఉండండి, తప్పకపోతే మామూలు గొంతుతో మెల్లగా మాట్లాడండి. మాటిమాటికీ గొంతు సవరించుకోవడమూ మానాలి, స్వరతంత్రులు ఒకదానికొకటి కొట్టుకుంటాయి.

అపోహ: నీళ్లు తాగగానే స్వరతంత్రులు తడుస్తాయి.

వాస్తవం: నీళ్లు వెళ్లేది అన్నవాహికలోకి. ఒంటికి పట్టి అక్కడిదాకా చేరడానికి సమయం పడుతుంది కాబట్టి షిఫ్ట్‌కు ముందు నుంచే తాగుతుండాలి.

అపోహ: అరిచే అలవాటున్నవారికే గొంతు చెడుతుంది.

వాస్తవం: చుట్టూ రొద పెరిగితే ఎవరి గొంతైనా దానంతటదే పెరుగుతుంది. దీన్నే లొంబార్డ్ ప్రభావం అంటారు. ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ 1911లో వివరించాడు. పది మంది ఒకే గదిలో మాట్లాడుతుంటే ‘మెల్లగా మాట్లాడండి’ అని ఆపరేటర్‌కు చెప్పడం అన్యాయం. రొద తగ్గించడం, మంచి హెడ్‌సెట్ ఇవ్వడం, కాల్‌కూ కాల్‌కూ మధ్య లేచి నిలబడే వ్యవధి ఇవ్వడం సంస్థ పని. ఎంత ఖరీదైన కుర్చీ అయినా కదలకుండా కూర్చుంటే కండరాలు అలిసిపోతాయి.

అపోహ: ఈ ఉద్యోగంలో బొంగురు గొంతు మామూలే.

వాస్తవం: 4 వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్ లారింగోస్కోప్‌తో (స్వరపేటిక లోపలికి చూసే పరికరం) చూడాల్సిందే. దగ్గితే రక్తం పడినా, మింగడం కష్టమైనా, మెడలో గడ్డ తగిలినా అన్ని రోజులు ఆగొద్దు. పరీక్షలో స్వరతంత్రులపై చిన్న బొడిపెలు కనిపిస్తే ఆపరేషన్ అని భయపడి మందులతో నెట్టుకురాకండి. వాటికి మొదట చేసేది స్వర చికిత్సే, చాలావరకు దానితోనే తగ్గుతాయి.