తేట నీటిలో భాస్వరం

పొలంలో ఎక్కువైన నీటిని బయటికి పంపడానికి అడుగున వేసిన మురుగు గొట్టం చివర ఒక గాజు గ్లాసు పట్టి చూడండి. చాలాసార్లు తేట నీరే పడుతుంది. మడ్డి ఉండదు, వాసనా ఉండదు. చిక్కంతా అక్కడే: పొలంలోని భాస్వరం కంటికి కనబడకుండా ఆ నీటిలో కరిగి ఉండొచ్చు. పైరు బాగా ఎదగాలంటే వేళ్ల చుట్టూ ఉన్న తడిలో లీటరుకు సుమారు 0.2 మిల్లీగ్రాముల భాస్వరం కావాలి. మంచినీటి సరస్సులో నాచు పెరగడానికి అందులో పదో వంతు, అంటే 0.02 చాలు. పైరుకు సరిపోయే నేల సరస్సుకు ఎక్కువే ఒలకబోస్తుందన్నమాట.

నాచుకు అసలు కళ్లెం భాస్వరమే అని తేల్చిన ప్రయోగం 1973లో కెనడాలోని అంటారియోలో మొదలైంది. శాస్త్రవేత్త డేవిడ్ షిండ్లర్ బృందం 226వ నంబరు సరస్సు నడుమ తెర కట్టి రెండుగా విడదీసింది. ఒక పక్క కర్బనం, నత్రజని కలిపారు. రెండో పక్క వాటికి తోడు భాస్వరమూ కలిపారు. భాస్వరం పడిన పక్కే పచ్చగా మారింది. పైనుంచి తీసిన ఆ ఫొటో చూశాక వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు. 2014 ఆగస్టులో అమెరికాలో ఈరీ సరస్సు ఒడ్డునున్న టొలీడో నగరంలో నాచు విషం కొళాయి నీళ్లలోకి చేరి, 4 లక్షల మందికి పైగా జనం దాదాపు మూడు రోజులు ఆ నీళ్లు తాగలేకపోయారు. మరిగించినా ఆ విషం పోదు.

నత్రజని సంగతి కొంత నయం. మురుగు నీటిని చెక్క ముక్కలు నింపిన గొయ్యి గుండా పంపితే, బాక్టీరియా నైట్రేటును వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. భాస్వరానికి అలా ఎగిరిపోయే దారి లేదు. దేన్నో ఒకదాన్ని పట్టుకుని ఉండాల్సిందే. మట్టి రేణువులకు అంటుకున్నదైతే నీరు నిలిచే గుంటలో అడుగుకు దిగుతుంది. కరిగినది మాత్రం గుంటనూ గడ్డి గట్టునూ చాలావరకు దాటిపోతుంది.

అందుకే కాలువ నోటి దగ్గర వడపోత పెడతారు. ఉక్కు తయారీలో మిగిలే స్లాగ్‌లోని కాల్షియం భాస్వరంతో కలిసి గట్టి పదార్థంగా పేరుకుంటుంది. ఇనుము, అల్యూమినియం ఉన్న పదార్థాలైతే భాస్వరాన్ని తమ ఉపరితలానికే అంటించుకుంటాయి. నెదర్లాండ్స్‌లో తాగునీటి శుద్ధిలో మిగిలే తుప్పు పూత ఇసుకను మురుగు గొట్టాల చుట్టూ నింపి చూశారు. ఒక చోటి చెత్త మరో చోట మందు కావడం నాకు ముచ్చటేస్తుంది.

ఆచరణలో తంటాలు లేకపోలేదు. ఏడాదంతా కారే భాస్వరంలో పెద్ద వాటా కొద్దిపాటి భారీ వానల్లోనే పోతుంది. సరిగ్గా అప్పుడే నీరు ఉరకలేస్తుంది, వడపోతలో నిలిచేది నిమిషాలే. మెత్తటి పొడి నింపితే భాస్వరాన్ని బాగా పట్టుకుంటుంది, నీటిని మాత్రం కదలనివ్వదు. పెద్ద రాళ్లు పోస్తే నీరు హాయిగా పోతుంది, దాంతోపాటు భాస్వరమూ పోతుంది. ఈ రెంటి మధ్య సైజు కుదర్చడమే సగం పని. పైగా మురుగు నీటిలోని బైకార్బొనేటు స్లాగ్‌తో కలిసి సున్నపు పొరగా పేరుకుని సందులు మూసేస్తుంది. తుప్పుతో ఇంకో బెడద: నీరు నిలిచి ఆక్సిజన్ అయిపోతే, ఇనుము కరిగి, పట్టుకున్న భాస్వరాన్ని తిరిగి వదిలేస్తుంది.

నిండిపోయాక ఆ సరుకును తవ్వి కొత్తది పోయాలి. ఖర్చు మామూలుగా ఉండదు, కాబట్టి ప్రతి పొలానికీ ఇది పెట్టమనడంలో అర్థం లేదు. ఏళ్ల తరబడి ఎరువూ పెంటా పడి భాస్వరం పేరుకున్న నేలలు కొన్ని ఉంటాయి. ఎరువు ఆపేసినా అవి ఏళ్లపాటు, కొన్నైతే దశాబ్దాలపాటు కారుస్తూనే ఉంటాయి. అలాంటి పొలం నీరంతా ఒకే గొట్టం నోటికి చేరుతుంటే వడపోతకు అదే చోటు. అది తేల్చుకోవడానికి ముందు చూడాల్సింది మట్టి పరీక్ష కాగితం.