పాలు తాగే పిల్లలకి లెక్కలొచ్చా? ఈ గొడవ ఇప్పటిది కాదు

ఐదు నెలల పిల్లలకి కూడికలు వచ్చని చెప్పి ఫ్లాష్ కార్డులు అంటగట్టేవాళ్ళు కూడా తయారయ్యారు కాబట్టి, అసలా మాట ఎక్కడ పుట్టిందో ఒకసారి చూద్దాం.

ముందు పియాజే దగ్గరికి వెళ్ళాలి. ఈ స్విస్ మనస్తత్వవేత్త 1941 నాటి పుస్తకంలో, ఆరేడేళ్ళు వచ్చేదాకా పిల్లలకి సంఖ్య అంటే ఏంటో సరిగా అందదని తేల్చాడు. రెండు వరసల్లో సమానంగా వస్తువులు పేర్చి ఒక వరసని కాస్త ఎడంగా జరిపితే చాలు, నాలుగేళ్ళ పిల్లలు పొడుగ్గా కనిపించేదాన్నే చూపించి అందులో ఎక్కువున్నాయి అనేవారు. 1967లో మెహ్లర్, బెవర్ అనే ఇద్దరు ప్రశ్న అడగడం మానేసి, చాక్లెట్ గోళీలు పెట్టి నీకు కావాల్సిన వరస తినెయ్ అన్నారు. రెండున్నరేళ్ళ వాళ్ళు చాలామంది 4 ఉన్న పొడుగు వరసని వదిలేసి 6 ఉన్న పొట్టి వరస లాక్కున్నారు. తిండి దగ్గరికొచ్చేసరికి లెక్క వచ్చేసింది!

సరే, ఇంకా మాటే రాని పిల్లల్ని ఎలా అడగాలి? వాళ్ళ చూపే జవాబు. ఒకటే బొమ్మ చూసి చూసి విసుగొచ్చి తల తిప్పుకుంటారు, కొత్తది కనిపిస్తే మళ్ళీ కళ్ళప్పగించి చూస్తారు. 1980లో స్టార్కీ, కూపర్ ఐదు నెలల పిల్లలకి 2 చుక్కలు అలవాటు చేసి 3 చూపిస్తే మళ్ళీ చూశారు, 4 నుంచి 6కి మార్చితే మాత్రం పట్టించుకోలేదు.

ఇక 1992లో కారెన్ విన్ నేచర్ పత్రికలో అచ్చేసిన ప్రయోగం. చిన్న స్టేజీ మీద ఒక మిక్కీ మౌస్ బొమ్మ, దానికి అడ్డంగా తెర లేస్తుంది, పక్కనుంచి ఒక చెయ్యి ఇంకో బొమ్మ తెచ్చి తెర వెనక పెట్టి ఖాళీగా వెనక్కి వెళ్తుంది. తెర దిగితే ఒక్కోసారి రెండు బొమ్మలుంటాయి, ఒక్కోసారి గుట్టుగా ఒకటి తీసేస్తారు కాబట్టి ఒకటే ఉంటుంది. ఒకటే ఉన్నప్పుడు ఐదు నెలల పిల్లలు ఎక్కువసేపు చూశారు, అంటే ఒకటికి ఒకటి కలిస్తే రెండుండాలి కదా అని ఆశ్చర్యపోయారన్నమాట. కూడికల మాట పుట్టింది ఇక్కడే.

కానీ చూశారంటే లెక్కపెట్టారనేనా? 1999లో క్లియర్‌ఫీల్డ్, మిక్స్ అడ్డం తిరిగారు: పిల్లలు గమనించేది సంఖ్యని కాదు, బొమ్మల అంచుల మొత్తం పొడవుని అని. ఆ మరుసటి ఏడాదే ఇంకో బృందం, విన్ ఫలితం తమకి రాలేదని రాసింది. నా మట్టుకు నాకు ఈ అనుమానం సబబే అనిపిస్తుంది, ఎందుకంటే దానివల్లే తర్వాతి ప్రయోగాలు జాగ్రత్తగా జరిగాయి. 2000లో షూ, స్పెల్కీ చుక్కల సైజు, అవి ఎంత ఒత్తుగా ఉన్నాయనేది అన్నీ సరిచూసుకుని మరీ చూపించినా ఆరు నెలల పిల్లలు 8కీ 16కీ తేడా పట్టారు, 8కీ 12కీ పట్టలేదు. అంటే రెట్టింపు ఉంటే తెలుస్తోంది. లెక్క కాదది, అంచనా.

మెదడు రంగంలోకి దిగింది తర్వాత. 2008లో ఇజార్డ్‌తో కలిసి డెహేన్ దంపతులు మూడు నెలల పిల్లల తలకి మెదడు సంకేతాలు పట్టే ఎలక్ట్రోడ్ల వల తొడిగి, వరసగా ఒకే రకం బొమ్మల గుంపులు చూపించారు. బొమ్మ మారినప్పుడు మెదడులో చెవి దగ్గరుండే టెంపోరల్ భాగం ఎడమవైపు స్పందించింది, సంఖ్య మారినప్పుడు నెత్తి వెనకవైపుండే పెరైటల్ భాగం, అదీ కుడివైపుది, అక్కణ్ణుంచి ముందుకి సాగే దారి. పెద్దవాళ్ళు సంఖ్యలతో కుస్తీ పట్టేటప్పుడు పనిచేసేదీ పెరైటల్ భాగమే. మరుసటి ఏడాది, పుట్టి సగటున 49 గంటలైన పిల్లలు కూడా 4 శబ్దాలు విన్నాక 12 బొమ్మలకన్నా 4 బొమ్మల్నే ఎక్కువసేపు చూశారు.

ఫ్లాష్ కార్డుల వాళ్ళు చెప్పని ప్రయోగం ఒకటుంది. ఫైగెన్సన్, కేరీ పది, పన్నెండు నెలల పిల్లల ముందు రెండు డబ్బాల్లో బిస్కెట్లు ఒక్కొక్కటే వేశారు. 2, 3 వేస్తే పాకుతూ 3 ఉన్నదాని దగ్గరికే వెళ్ళారు. ఇక్కడ వాడేది ఆ అంచనా కాదు, ఒక్కో వస్తువునీ విడిగా గుర్తుపెట్టుకునే పద్ధతి, అది మూడు దాకానే నడుస్తుంది. అందుకే ఒకదాంట్లో 1, ఇంకోదాంట్లో 4 వేసినప్పుడు, ఏడాది పిల్లలు ఏ డబ్బా దొరికితే దాని వైపు పాకారు.