మా నాన్న టిఫిన్ డబ్బాలో వచ్చిన ఆకు

హనుమకొండలో ఉండే మా అక్క కూతురికి 12 ఏళ్లు. ఈ వేసవి సెలవుల్లో నవల మొదలుపెట్టింది. నలుగురు పిల్లలు అంతరిక్ష నౌక ఎక్కి, ఎక్కడో ఒక గ్రహం మీద దాచిన రాయిని వెతుక్కుంటూ పోతారు. కథంతా మనసులో ఉంది కానీ రాయి దగ్గరే ఆగిపోయింది. "ఆ రాయి ఎట్లుండాలె మామా?" అని అడిగింది. నేను బీరువా తీసి ఒక రాయి తెచ్చి ఆమె ముందు పెట్టాను.

మా నాన్న గోదావరిఖనిలో బొగ్గుబాయిలో పనిచేశాడు. తట్టా చెమ్మస్ పట్టి, అంటే పారతో బొగ్గు ఎత్తి తట్టల్లో మోసిన తరం. ఒకరోజు షిఫ్టు దిగి వస్తూ టిఫిన్ డబ్బాలో అరచేయంత రాయి తెచ్చాడు. అది బొగ్గు కాదు, బొగ్గు పొరను ఆనుకుని ఉండే బురదరాయి. దాని మీద ఆకు అచ్చు ఉంది. నాలుక ఆకారం, మధ్యలో లావు ఈనె, రెండు వైపులా వల అల్లినట్టు సన్న ఈనెలు. 1828లో అడాల్ఫ్ బ్రాన్యార్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త ఇలాంటి ఆకులకు గ్లాసోప్టెరిస్ అని పేరు పెట్టాడు. గ్రీకులో గ్లాసా అంటే నాలుక.

మన సింగరేణి బొగ్గు ఈ చెట్లదే. 25 నుంచి 30 కోట్ల ఏళ్ల మధ్య కాలంలో ఇక్కడ చిత్తడి అడవులుండేవి. రాలిన ఆకులు, విరిగిన మానులు నిలవ నీటిలో పడేవి. అక్కడ ఆక్సిజన్ అందదు కాబట్టి పూర్తిగా కుళ్లేవి కావు. అదే సమయంలో ఈ గోదావరి లోయ నేల మెల్లగా కిందికి దిగబడుతూ వచ్చింది. నదులు తెచ్చిన ఇసుక, బురద పైన పేరుకున్నాయి. ఆ బరువుకూ లోపలి వేడికీ అడవి బొగ్గయింది. నేల దిగబడకపోతే అదంతా ఎప్పుడో కొట్టుకుపోయేది. మా ఇంట్లో బొగ్గు పొయ్యి ఎత్తిపోసినప్పుడు బూడిద తట్టలకొద్దీ వచ్చేది. అందులో చాలా భాగం ఆనాటి నదులు అడవిలోకి మోసుకొచ్చిన బురదే.

ఇదంతా విన్నాక పిల్ల, "మంచిగుంది కానీ ఇందులో వెతుకులాట ఏది?" అంది. అప్పుడు కెప్టెన్ స్కాట్ అనే బ్రిటిష్ అన్వేషకుడి సంగతి చెప్పాను.

1912 జనవరి 17న స్కాట్ బృందం దక్షిణ ధ్రువానికి చేరింది. అప్పటికే నార్వే వాళ్లు అక్కడ జెండా పాతి వెళ్లిపోయారు. వెనక్కి వస్తున్న ఐదుగురికీ తిండి తక్కువ, కాళ్లు మంచుకు దెబ్బతింటున్నాయి. స్లెడ్జి బండిని లాగడానికి జంతువులు లేవు, మనుషులే లాగాలి. ఫిబ్రవరి 8న అంటార్కిటికాలోని బియర్డ్‌మోర్ హిమనదం దగ్గర ఆగి రాళ్లు ఏరారు. వాళ్లలో విల్సన్ అనే డాక్టరుకు రాళ్ల మీద ఆకుల అచ్చులు కనిపించాయి. మంచు తప్ప ఏమీ లేని చోట ఆకులు! ఆ ఐదుగురిలో ఒక్కరూ బతికి రాలేదు. నవంబరులో వెతుకుతూ వెళ్లినవాళ్లకు గుడారంలో మూడు శవాలు, దగ్గర్లో స్లెడ్జి మీద సుమారు 16 కిలోల రాళ్లు దొరికాయి. బరువు తగ్గించుకోవడానికి కూడా వాటిని పారేయలేదు. ఇంగ్లండులో సీవార్డ్ అనే వృక్ష శాస్త్రవేత్త వాటిని పరిశీలించి గ్లాసోప్టెరిస్ అని తేల్చాడు. మా నాన్న డబ్బాలో వచ్చిన చెట్టే.

"అంత దూరం ఎట్ల పోయింది?" అంది పిల్ల. చెట్టు ఎక్కడికీ పోలేదు. దాని విత్తనాలు గాలిలో సముద్రాలు దాటేంత తేలికైనవి కావు. అప్పుడు రెండు నేలలూ ఒకటే. భారతదేశం, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా కలిసి ఉన్న ఆ మహాఖండం పేరు గోండ్వానా. మన ఆదిలాబాద్ గోండుల పేరే అది. మధ్య భారతంలో వాళ్లు ఏలిన నేల మీది రాళ్లకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ప్రపంచమంతా వ్యాపించింది. గోండు పిల్లల పాఠాల్లో ఈ సంగతి మొదటి పేజీలో ఉండాలని నా కోరిక. స్కాట్ ధ్రువం చేరడానికి 11 రోజుల ముందు, ఆ జనవరి 6న, జర్మనీలో వెగెనర్ అనే యువకుడు ఖండాలు కదులుతాయని మొదటిసారి సభలో చెప్పాడు. చాలామంది నమ్మలేదు. మన నేల ఇప్పటికీ ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్లు ఈశాన్యం వైపు కదులుతోంది. ఈ పిల్ల పుట్టినప్పటి నుంచి హనుమకొండతో సహా మూరెడుకు పైనే ప్రయాణం చేసింది.

అంతే, అంతరిక్ష నౌక పోయింది. నలుగురు పిల్లలూ ఇప్పుడు కాలంలోకి వెళ్తున్నారు. నేను ఒక్క షరతు పెట్టాను. ఆపద వచ్చినప్పుడల్లా ఏదో యంత్రం మీట నొక్కి బయటపడకూడదు. ఆపదా, దారీ రెండూ ఆ కాలంలో నిజంగా ఉన్నవాటి నుంచే రావాలి.

బొగ్గు అడవిలో డైనోసార్ పెడతానంది. కుదరదు, అవి చాలా కోట్ల ఏళ్ల తర్వాత వచ్చాయి. డైనోసార్ కావాలంటే పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లికి పోవాలి. అక్కడ దొరికిన ఎముకలకు 1988లో కోటాసారస్ అని పేరు పెట్టారు. ఆ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. గోదావరి లోయలో పొరలు ఏటవాలుగా ఉంటాయి కాబట్టి లోతుకు దిగనక్కర్లేదు, నేల మీద నడుస్తూనే ఒక కాలం నుంచి ఇంకో కాలానికి పోవచ్చు.

బొగ్గు అడవిలో పిల్లలకు దిక్సూచి పనిచేస్తుందా? పనిచేస్తుంది, కానీ తిరగబడి. ఆ రోజుల్లో భూమి అయస్కాంత క్షేత్రం దాదాపు 5 కోట్ల ఏళ్లు తలకిందులుగా ఉంది. సూది ఉత్తరం అని చూపించేది దక్షిణం. అంటార్కిటికా వైపు, ధ్రువానికి దగ్గరి అడవుల్లోకి పోతే నెలల తరబడి సూర్యుడు ఉదయించడు, సోలార్ టార్చి దండగ. పక్షి కూత ఉండదు. గడ్డి ఉండదు. పువ్వులు ఇంకా పుట్టలేదు. ఆ మాటకు ఆమె కాసేపు కదల్లేదు. "తంగేడు లేదు, గునుగు లేదు... బతుకమ్మ పేర్చడానికి ఒక్క పువ్వు లేదా?" అని మళ్లీ మళ్లీ అడిగింది.

బొగ్గు పొరల కింద ఏముందో చెప్పినప్పుడు మాత్రం నమ్మలేదు. హిమనదాలు ఈడ్చుకొచ్చి వదిలిన రాళ్లున్నాయి. ఎండాకాలం 45 డిగ్రీలు దాటే రామగుండం ప్రాంతపు లోయ అడుగున మంచుయుగం ఉంది. ఆ మంచు కరిగాకే అడవులు పెరిగాయి.

మొదటి అధ్యాయం ఇంకా రాయలేదు. నిన్న అక్క ఫోన్ చేసింది. పిల్ల తన స్కూలు బ్యాగులో బియ్యం నింపి, కిరాణా కొట్టులో తూకం వేయించి, సరిగ్గా 16 కిలోలకు తెచ్చుకుందట. చెప్పులు లేకుండా మేడ మీద దాన్ని తాడుతో లాగుతోంది. అన్నం తినకుండా ఎంతసేపు లాగగలదో చూసి, అప్పుడు రాస్తుందట.